అన్నం ముట్టేదాకా

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటుండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఈ ప్రశ్న అడగడానికి నీకొచ్చిన కష్టమేమిటో ముందు అది చెప్పు" అనేవారు. ఆ సాయంత్రం మాధవయ్యకొచ్చిన కష్టం చిన్నదేమీ కాదు. అతనికి సంస్థానంలో ధర్మాధికారి పదవి కొత్తగా వచ్చింది. ఉరిశిక్ష పడ్డ ఒక మనిషి గురించి మర్నాడు ప్రభువుతో మాట్లాడాలి.

"క్షమించమంటే ప్రభువుకు కోపం వస్తుంది గురువుగారూ. కొన్నాళ్లు ఆపమంటే ఆపుతారు. గడువు ఇప్పించడమూ దయే కదా?"

విరూపాక్షయ్యగారు ఈ కథ చెప్పారు.

వెనకటికి కొండకోట సంస్థానంలో ఓబులమ్మ అని ఒకామె ఉండేది. కరువు ఏట పన్ను కోసం వచ్చిన అమీను ఆమె మొగుణ్ణి గుంజకు కట్టేయించి కొట్టించాడు. ఆ దెబ్బలకే అతను పోయాడు. ఓబులమ్మ రోకలి తీసుకుని అమీను నెత్తిన ఒక్కటి వేసింది. అతను మళ్లీ లేవలేదు. ఆమెకు ఉరిశిక్ష వేశారు గానీ, అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఆ సంస్థానంలో కడుపుతో ఉన్న ఆడదాన్ని ఉరి తీయరు. బిడ్డ పుట్టి అన్నం ముట్టేదాకా తల్లిని ఉంచుతారు. బియ్యం గానీ రాగి గానీ, ఒక్క గింజ బిడ్డ నోట పడితే గడువు తీరినట్టే.

మగపిల్లవాడు పుట్టాడు. అన్నప్రాశనకు ముహూర్తం పెట్టమని ఆస్థాన పురోహితుడు యజ్ఞేశ్వర శాస్త్రిని పురమాయించారు. శాస్త్రి చీమకైనా హాని తలపెట్టనివాడు. ఖైదుకు వెళ్లి, తల్లి ఒళ్లో కాళ్లాడిస్తున్న బిడ్డను చూశాడు. కోటకు తిరిగొచ్చి, "శుక్రమూఢం ప్రభూ, ముహూర్తాలు లేవు" అన్నాడు. "అలాగే కానీండి" అన్నాడు ప్రభువు. అంటూ ఆయన బరువు దించుకున్నట్టు ఊపిరి వదలడం శాస్త్రి గమనించాడు కూడా. మూఢం పోయాక శూన్యమాసం వచ్చింది. ఆ తర్వాతది బేసి నెల, మగబిడ్డకు పనికిరాదు. అదీ దాటితే అధికమాసం. అబద్ధమాడినా అతికినట్లుండాలంటారు. పంచాంగం చేతిలో ఉంటే అతక్కేం చేస్తుంది? ఊరంతా శాస్త్రిని దేవుడంది. ఆయన ఇంటికెళ్లి కమ్మగా భోంచేసి కంటినిండా నిద్రపోయేవాడు.

ఖైదులో ఓబులమ్మకు పాలు ఎండిపోయాయి. ఉరి బెంగ నెత్తిన పెట్టుకుని ఏ తల్లికి మాత్రం పాలు నిలుస్తాయి! ఆవుపాలు పంపారు, మేకపాలు పంపారు. బిడ్డ ఆకలి పాలతో తీరే వయసు దాటిపోయింది. ఈడు పిల్లలు నడుస్తుంటే వాడు నిలబడలేకపోయాడు. కావలివాళ్లు ఇంత జావైనా పోసేవారు కారు. "నీ మెడకు తాడు మా చేత్తో ఎట్లేస్తాం తల్లీ" అని కళ్లు తుడుచుకునేవారు. అందరూ మంచివాళ్లే. పూటపూటా ఆమె ముందు సంకటి ముద్ద పెట్టేవారు. బిడ్డ దేక్కుంటూ వచ్చి ముద్ద మీదికి చెయ్యి చాచేవాడు. ఆమె ఆ చెయ్యి తోసేసేది. కొన్నాళ్లకు గోడవైపు తిరిగి తినడం నేర్చుకుంది. తర్వాత తినడమే తగ్గించింది.

ఒకనాడు శాస్త్రి నవ్వుమొహంతో వచ్చాడు. "అమ్మా, మళ్లీ మూఢం వస్తోంది. ఇంకొన్నాళ్లు నీకు ఢోకా లేదు."

ఓబులమ్మ బిడ్డను ఎత్తి ఆయన ముందు పెట్టింది. "సామీ, నీ పంచాంగంలో నా బిడ్డకు ఒక్క మంచిదినం గూడా లేదా?"

"వాడికి మంచిదినమైతే, తల్లీ, నీకు..." అన్నాడు శాస్త్రి.

"నాకేమయితాదో నాకెరికే. వీడు నా కండ్లముందరే పోతాండాడు. నువ్వు నాకిచ్చే దినాలు వీని వొంట్లోంచి తీసి ఇస్తాండావు సామీ."

ఆమె సంకటి చిదిమి, నీళ్లతో మెదిపి, బిడ్డ నోట్లో పెట్టింది. వాడు ఉమ్మలేదు. తల్లి వేలు వదలకుండా చీకాడు. ఓబులమ్మ నవ్వింది. కావలివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

శాస్త్రి పరుగున కోటకు పోయి ప్రభువు కాళ్ల మీద పడ్డాడు. "బిడ్డ అన్నం ముట్టాడు ప్రభూ, ఓబులమ్మను క్షమించండి!"

ప్రభువు ఆయన్ను లేవదీశాడు. "శాస్త్రీ, బిడ్డ పుట్టిననాడే నీ నోట ఈ మాట వస్తుందని ఎదురుచూశాను. నువ్వు మూఢమన్నావు. తర్వాతైనా అంటావనుకున్నాను, శూన్యమాసమన్నావు. ఇవాళ బిడ్డ అన్నం ముట్టాడని పొద్దుగూకేలోగా లోకానికంతా తెలుస్తుంది. అమీనులంతా వచ్చి నా వాకిట్లో కూర్చుంటారు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

ఎవరూ అడక్కపోతే తమరే ఎందుకు క్షమించలేదని అడగాలనిపించింది శాస్త్రికి. అడగలేదు. అడిగితే ఆ ప్రశ్న తన మీదికే తిరుగుతుందని ఆయనకు తెలుసు. మర్నాడు ఓబులమ్మ బిడ్డకు కడుపునిండా తినిపించి, కావలివాడి చేతికిచ్చి, ఉరికంబం ఎక్కింది. దానికి ముహూర్తం చూడమని ఎవరూ శాస్త్రిని పిలవలేదు.

కథ అయిపోయింది. మాధవయ్య మనసుకు ఏదో ఒక ఆసరా వెతుక్కుంటూ, "పోనీలెండి గురువుగారూ. ఆమెకిచ్చిన గడువు పూర్తిగా వృథా కాలేదు. కొన్నాళ్లైనా బిడ్డను ఒళ్లో పెట్టుకుంది కదా" అన్నాడు.

విరూపాక్షయ్యగారు లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆ గడువు ఆమెకిచ్చారని నీకెవరు చెప్పారు నాయనా?"