చిలకమ్మ పట్టా

ఆ ఏడు వేసవిలో కొండవాగు పక్కనున్న అడవి సగానికి సగం కాలిపోయింది. వానలు పడగానే వెదురు మళ్ళీ మొలిచింది, టేకు చిగుర్లు వేసింది. జంతువుల మనసులు మాత్రం అంత తొందరగా చిగుర్చలేదు. ఎండుటాకు గలగలమంటే చాలు, కుందేళ్ళు బొరియల్లో దూరిపోయేవి. అడవిపంది తింటున్న దుంపను వదిలేసి, పొగ వాసన వస్తోందేమోనని గాలిలోకి ముట్టె ఎత్తేది.

ఇలాంటివాళ్ళకు సాయం చేసేవాళ్ళను తయారు చెయ్యడానికి ఏనుగు భద్రమ్మ ఇప్పచెట్టు కింద ఎన్నాళ్ళ నుంచో మనసు బడి నడుపుతోంది. అందులో చేరడం తేలికే, బయటపడటమే కష్టం. ముందు వినడం నేర్పేది. ఆ తర్వాత, విన్నదాన్ని కడుపులో దాచుకోవడం నేర్పేది. అది వచ్చాకే, నిజంగా బాధలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చోనిచ్చేది. అప్పుడు కూడా పెద్దవాళ్ళెవరో ఒకరు కాస్త దూరంలో కూర్చుని చూస్తూ ఉండాల్సిందే. ఎక్కడ తడబడ్డారో ఆ పూటే పక్కకు పిలిచి చెప్పేది. ఇదంతా అయ్యేసరికి ఏళ్ళు గడిచేవి.

నక్క చక్రపాణి ఒకప్పుడు ఆ బడిలోనే చేరి, వినడం దగ్గరే విసుగొచ్చి మానేశాడు. కార్చిచ్చు తర్వాత భద్రమ్మ బడి ముందు గోడు చెప్పుకునేవాళ్ళు బారులు తీరడం చూశాడు. వెంటనే వాగు అవతలి గట్టున తనూ ఒక బడి తెరిచాడు.

భద్రమ్మ నీళ్ళకు వచ్చినప్పుడు పలకరించింది.

"ఏం చక్రపాణీ, బడి పెట్టావటగా?"

"అంతా మీ ఆశీర్వాదం అమ్మా! మీ దగ్గర ఏళ్ళు పట్టే చదువు నా దగ్గర ఒక్క పున్నమికి పూర్తయిపోతుంది."

"అదెలా నాయనా?"

"అక్కర్లేనివన్నీ తీసేశాను. విన్నది దాచుకోవడం ఒక పాఠమా అమ్మా? నోరు మూసుకోవడానికి గురువెందుకు? ఇక ఆ పక్కన కూర్చుని చూడటం ఒకటి. శిష్యులేమన్నా పాలు తాగే పిల్లలా, వెనకాల కాపలా కాయడానికి?"

"మరి ఇంకేం మిగిలింది?"

"పేర్లు! ఏ బాధను ఏమంటారో తెలిస్తే చాలదూ? నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. లక్షణంగా పట్టా."

భద్రమ్మ తొండంతో నీళ్ళు చల్లుకుని వెళ్ళిపోయింది.

చక్రపాణి శిష్యుల్లో రామచిలక కస్తూరి మేటి. ఒక్కసారి వింటే చాలు, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది. మనసు కూడా మంచిదే. ఎవరైనా ఏడిస్తే తనకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అలాంటి శిష్యురాలు దొరికినందుకు చక్రపాణి మురిసిపోయి, ఆమెను నేరుగా పులి దొర ముందుకు తీసుకెళ్ళాడు. మడుగు దగ్గరున్న చదును బండ మీద కూర్చుని గోడు వినే పని ఎవరికివ్వాలో దొర ఆరోజు తేల్చాలి. భద్రమ్మ బడి నుంచి ముళ్ళపంది సూరయ్య వచ్చాడు. అతని చదువు ఇంకా పూర్తి కాలేదు.

"నిద్ర పట్టనివాడికి ఏం చేస్తావు?" అని పులి దొర అడిగాడు.

సూరయ్య ముళ్ళు సర్దుకుని, "ఎవరికి పట్టడం లేదో, ఎందుకు పట్టడం లేదో ముందు వాళ్ళ దగ్గర కూర్చుని వినాలండి. చూడకుండా చెప్పలేను" అన్నాడు.

దొర ఆవులించాడు.

కస్తూరి రెక్కలు విదిల్చి అందుకుంది. "నిద్రలేమి మూడు విధములు. భయజనితము, శోకజనితము, మిశ్రమము. మిశ్రమము తిరిగి..." అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది.

"ఆహా!" అన్నాడు దొర. "నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఇది గొప్ప చదువే అయివుండాలి."

మోదుగాకు మీద పంజా గుర్తు వేసి, పట్టా ఇచ్చేశాడు. మర్నాటి నుంచే కస్తూరి చదును బండ మీద కూర్చుంది.

ముందుగా వచ్చింది లేడి చెంగమ్మ. కార్చిచ్చులో ఆమె పిల్ల పోయింది. ఆ సంగతి అడవిలో అందరికీ తెలుసు గానీ, ఆ తర్వాత ఆమె ఎలా బతుకుతోందో ఎవరూ అడగలేదు.

"చెప్పమ్మా" అంది కస్తూరి.

చెంగమ్మ నేల చూపులు చూసింది. "నవ్వవు కదా?"

"నవ్వను. చెప్పు."

"పొద్దుగూకేటప్పుడు నా పిల్ల పిలిచినట్టు వినిపిస్తుంది. లేదని తెలుసు. అయినా నేను బదులు పలుకుతాను. పలక్కపోతే, అమ్మ రాలేదనుకుంటుందేమోనని."

కస్తూరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక, నేర్చుకున్న పాఠం అందుకుంది. "దీన్ని భ్రమశ్రవణ శోకం అంటారమ్మా. రెండో రకం."

"అంటే?"

"అంటే... అదే."

"తగ్గుతుందా?"

"పేరు వరకే చెప్పారమ్మా మాకు."

చెంగమ్మ తల ఊపి వెళ్ళిపోయింది. కస్తూరి మేడిచెట్టు మీద వాలింది. చిలక కదా, విన్నది గొంతులో నిలవలేదు. అందులోనూ అది తనను కదిలించిన సంగతి. "పాపం, చెంగమ్మకు చచ్చిపోయిన పిల్ల పిలుపు వినిపిస్తుందట! బదులు కూడా పలుకుతుందట!" అని జాలిగానే చెప్పింది. కింద ఉడతలు విన్నాయి. పక్కచెట్టు మీద కోతులూ విన్నాయి. ఆ సాయంత్రం చెంగమ్మ నీళ్ళకు దిగేసరికి, పొదల వెనక నుంచి ఒక కోతి లేడిపిల్లలా సన్నగా అరిచింది. చెంగమ్మ చెవులు నిక్కబొడుచుకుని అటు పరుగెత్తింది. కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

ఆ తర్వాత చెంగమ్మ మడుగుకు రావడం మానేసింది. కొండ నెత్తిన బండల మధ్య చేరి, పొద్దున్నే రాళ్ళ మీది మంచు నాకుతూ బతకసాగింది. దుంపల కోసం కొండెక్కిన సూరయ్యకు ఆమె డొక్కలు లోపలికి పోయి, నాలుక ఎండిపోయి కనిపించింది. పలకరిస్తే ముఖం తిప్పుకుంది. అతను దుంపలు అక్కడే వదిలేసి, గబగబా భద్రమ్మ దగ్గరకు దిగి వచ్చాడు.

భద్రమ్మ నేరుగా పులి దొర దగ్గరకు నడిచింది. దొర చక్రపాణినీ, మిగతా జంతువులనూ మడుగు దగ్గరకు పిలిపించాడు.

"ఏం మాస్టారూ, మీ చిలకమ్మ మాటల వల్ల ఒక ప్రాణం ఎండిపోతోందట!"

"చిలకమ్మ చెప్పినదాంట్లో ఒక్కటైనా అబద్ధం ఉందా దొరా?" అన్నాడు చక్రపాణి. "బాధ విన్నది, పేరు పెట్టింది. వైద్యం అయిపోయింది. నీళ్ళు తాగడం మానెయ్యమని మేం చెప్పామా?"

"అదీ నిజమే" అని దొర గడ్డం గోక్కున్నాడు.

"భద్రమ్మగారికి మా బడి అంటే కాస్త..." అని చక్రపాణి నవ్వి ఊరుకున్నాడు.

భద్రమ్మకు కోపం రాకపోలేదు. వాదిస్తే నక్కను గెలవలేనని ఆమెకు తెలుసు. చెవులు నెమ్మదిగా ఊపుతూ, "నిజమే దొరా, పెద్దదాన్నయ్యాను. కొత్త పద్ధతి నాకు తెలియకపోవచ్చు" అంది. "ఇక నా బడి మూసేస్తాను. ఒక్కటే కోరిక. ఇంత మంచి వైద్యాన్ని గురువుగారే ఒకసారి చేయించుకుంటే, మాలాంటి పాతవాళ్ళకు నమ్మకం కుదురుతుంది."

"నాకేం బాధ ఉందమ్మా?" అన్నాడు చక్రపాణి.

"లేకపోతే లేదనే చెప్పిరా నాయనా. కాసేపు కూర్చోవడమేగా!"

"బాగుంది!" అన్నాడు దొర. "రేపు పొద్దున్నే కానివ్వండి."

అందరి ముందూ కాదనలేక చక్రపాణి ఒప్పుకున్నాడు. తోకలో దురద పుడుతోందనో, పీత గొంతుకు అడ్డం పడిందనో చెప్పి బయటపడదామనుకున్నాడు.

మర్నాడు చదును బండ మీద గురువూ శిష్యురాలూ ఎదురెదురుగా కూర్చున్నారు. మిగతావాళ్ళంతా మాట వినపడనంత దూరంలో మడుగు ఒడ్డున ఆగారు.

"చెప్పండి మాస్టారూ."

"చెప్పడానికేముంది? నేను బాగానే ఉన్నాను."

కస్తూరి తల పక్కకు వంచి చూస్తూ కూర్చుంది. "ఇంకా చెప్పండి."

చక్రపాణి తోక సంగతి ఎత్తబోయాడు. కార్చిచ్చు తర్వాత తనను ఎలా ఉన్నావని అడిగినవాళ్ళెవరూ లేరని ఆ క్షణంలో గుర్తొచ్చింది. అడిగే అవసరం లేకుండా తనే చేసుకున్నాడు. పొగలోంచి కుందేళ్ళను ముందుండి నడిపించింది తనేనని అడవంతా చాటుకున్నాడు మరి.

"నేనెవరినీ నడిపించలేదు కస్తూరీ" అన్నాడు. "నీటికుక్కల గట్టు కింద బురదలో మెడదాకా దాక్కున్నాను. కుందేళ్ళు ఏడుస్తూ నా పక్కనుంచే పరుగెత్తాయి. నోరు మెదపలేదు. ఇప్పుడు... మిణుగురులను చూసినా నిప్పురవ్వల్లా కనిపిస్తాయి. చీకటి పడితే మా ఆవిడ వెనక ముఖం దాచుకుని పడుకుంటాను."

చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. ఏడ్చాక ఛాతీ మీద నుంచి బండ దొర్లినట్టయింది. కళ్ళు తుడుచుకుంటూ, ఫరవాలేదే, బాగానే నేర్పానే అని ఒక్క క్షణం లోలోపల పొంగిపోయాడు కూడా. అంతలో భయం పట్టుకుంది.

"కస్తూరీ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి సుమా."

"అంటే ఏంటండీ?"

"ఎవరికీ చెప్పకూడదు."

"అలాగా! ఆ పాఠం మనకు లేదు కదండీ."

"ఇప్పుడు చెబుతున్నానుగా!"

"చిత్తమండీ" అని కస్తూరి ఎగిరి మడుగు ఒడ్డున వాలింది. జంతువులన్నీ చుట్టూ మూగాయి.

"ఏమన్నారు మాస్టారు?"

"ఎవరికీ చెప్పకూడదన్నారు" అంది కస్తూరి గట్టిగా.

"ఏది చెప్పకూడదన్నారు?"

"మిణుగురులంటే భయమని చెప్పకూడదట. బురదలో దాక్కున్న సంగతి అసలే చెప్పకూడదట."

కోతులు కొమ్మల మీద నుంచి దొర్లి పడ్డాయి. ముసలి కుందేలు ఒకటి ముందుకొచ్చి, "మరి మమ్మల్ని పొగలోంచి నడిపించింది మీరు కాదా మాస్టారూ? మీకు రోజూ దండం పెడుతున్నానే!" అంది.

చక్రపాణి చెవులు వాల్చేసి, పులి దొర ముందుకు దూకాడు. సిగ్గు కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

"దొరా! ఇదెక్కడి అన్యాయం? నమ్మి చెప్పుకున్నది నాలుగు నిమిషాలన్నా నిలవలేదే! విన్నది దాచుకోవడం రానివాళ్ళను అసలు ఒకరి ముందు కూర్చోనివ్వచ్చా? దానికి నేర్పు వద్దా? ముందు కొన్నాళ్ళు పెద్దల కళ్ళెదుట సాధన చేయించి, తప్పొప్పులు దిద్ది, ఆ తర్వాత కదా..."

అక్కడ ఆగిపోయాడు. అందరూ తనవైపే చూస్తున్నారు.

"చెప్పు నాయనా" అంది భద్రమ్మ. "నేను దొరకు విన్నవించాలనుకున్నదే. నాకన్నా నువ్వే బాగా చెబుతున్నావు."

పులి దొరకు కూడా నవ్వాగలేదు. తోకతో బండ మీద కొట్టి, "గురువుగారి మాటే శాసనం. అలా నేర్చుకున్నాకే పట్టా" అన్నాడు. మోదుగాకును వెనక్కి తీసుకున్నాడు.

కోతులింకా మిణుగురుల్లా చేతులు తిప్పుతూ ఆడుతుంటే భద్రమ్మ అటు తిరిగింది. "చాలు. ఆరోజు భయపడనివాళ్ళెవరో ముందుకు రండి, తర్వాత నవ్వుదురుగాని." ఎవరూ రాలేదు.

ఆ పూటే భద్రమ్మ తొండం నిండా నీళ్ళు పట్టుకుని, సూరయ్యను వెంటబెట్టుకుని కొండెక్కింది. చెంగమ్మ ముందున్న గుంటరాయిలో ఆ నీళ్ళు వదిలి, తాను ఎడంగా కూర్చుంది. సూరయ్య దగ్గరగా వెళ్ళి, "పోయినదాని గురించి బాధపడకమ్మా" అన్నాడు. చెంగమ్మ ముఖం తిప్పేసుకుంది. దిగి వస్తుంటే భద్రమ్మ అడిగింది.

"బాధపడొద్దన్నావు. అది ఆవిడ కోసమా, చూడలేక నీ కోసమా?"

సూరయ్య ముళ్ళు ముడుచుకున్నాడు. "నా కోసమేనమ్మా."

మర్నాడు అతను ఆ మాట అనలేదు. "పాప పేరేంటమ్మా?" అని అడిగాడు. చెంగమ్మ అతనివైపు తిరిగి, "మల్లిక" అంది. ఆ పేరు పైకి పలికి చాన్నాళ్ళయింది. ఆమె చెప్పింది చెప్పినట్టు సూరయ్య దగ్గరే ఉండిపోయింది. పేరు ఒక్కటీ భద్రమ్మతో చెప్పవచ్చా అని ఆమెనడిగాకే చెప్పాడు. వెదురు ఎదిగేకొద్దీ చెంగమ్మ కొంచెం కొంచెం కిందికి దిగింది. చివరికొక సాయంత్రం మడుగులో మూతి పెట్టింది. ఆమె నీళ్ళు తాగినంతసేపూ కోతులు కిక్కురుమనలేదు.

తను చేసిన పని ఏమిటో తెలిశాక కస్తూరి రెండు పూటలు తిండి ముట్టలేదు. తర్వాత తనే వచ్చి భద్రమ్మ బడిలో చేరింది. విన్నది దాచుకునే పాఠం చిలకకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మాట పైకి తన్నుకొచ్చినప్పుడల్లా ముక్కున ఇప్పపువ్వొకటి కరిచి పట్టుకునేది. మొదట్లో ఆమె కూర్చున్న కొమ్మ కింద పూలు కుప్పలుగా రాలేవి. రాన్రానూ తగ్గాయి.

చక్రపాణి బడికి శిష్యులు కరువయ్యారు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఇప్పచెట్టు దగ్గరకొచ్చి, పిల్లల వరసలో వెనకగా కూర్చున్నాడు. బడి వదిలాక భద్రమ్మ పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ మిణుగురుల సంగతి ఎవరితోనైనా మాట్లాడాలనుంది."

"కస్తూరిని పిలవనా?"

"వద్దమ్మా! చదువు పూర్తయినవాళ్ళు ఎవరైనా ఉంటే పంపండి. వినేటప్పుడు మీరు కూడా కాస్త అక్కడే ఉండండి."

నీ గోడు నువ్వు ఎవరికి చెప్పుకోగలవో, అలాంటివాళ్ళకే పట్టా ఇవ్వాలి.