చారులో కలిపిన వేరు

ఇటు తిరిగి పడుకో పండూ. ఊఁ కొడుతూ ఉండాలి మరి. అనగనగా మన ఏటికి అవతలి ఊళ్ళో వరహాలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు. పెద్దామె మంగతాయారు, చిన్నామె భ్రమరాంబ.

వరహాలమ్మకి నిద్ర పట్టేది కాదు. డాక్టరుగారు బీపీకి ఒక బిళ్ళ, నిద్రకి ఒక బిళ్ళ ఇచ్చారు. అయినా కునుకు రాలేదు. అప్పుడు చిన్నకోడలు పాలల్లో ఏదో అరగదీసి ఇచ్చింది. ముసలావిడ హాయిగా నిద్రపోయింది. తెల్లారి వీధంతా చెప్పింది, "మా చిన్నదాని హస్తవాసి మంచిదమ్మా" అని.

ఆ మాట విని పెద్దకోడలికి కడుపు మండిపోయింది. ఇంటెడు చాకిరీ తనదైతే మెప్పు చిన్నదానికా?

ముందు ఆముదం రాసి అత్తగారి కాళ్ళు పట్టింది. "చాల్లే అమ్మా, చిన్నదాని పాలు ఇంకా రాలేదేం?" అంది ఆవిడ.

ఆ తర్వాత తోడికోడల్నే అడిగింది, "ఆ పాలల్లో ఏం వేస్తావే?" అని.

"పేరు చెబితే మందు గుణం పోతుందక్కా" అని నవ్వింది భ్రమరాంబ. ఆ ఊళ్ళో అందరికీ అదే నమ్మకం. నన్నడిగితే, పోయేది మందు గుణం కాదు, ఇచ్చినవాళ్ళ గొప్ప!

ఇక మూడో ప్రయత్నంగా మంగతాయారు సంతకెళ్ళింది. మూలికలమ్మేవాడి దగ్గర నిద్ర పట్టించే వేరు కొంది. సర్పగంధి అన్నాడు వాడు. దాన్ని దంచి అత్తగారి గిన్నెలో చారుతో కలిపేసింది. ఎవరికీ చెప్పలేదు, గుణం పోతుంది కదా! ముసలావిడ చారు తాగింది, బిళ్ళలు వేసుకుంది, ఆ తర్వాత పాలూ తాగింది.

తెల్లారింది. వరహాలమ్మ లేవలేదు. పిలిస్తే పలకలేదు. చేతులు చల్లబడ్డాయి. డాక్టరుగారు పరుగున వచ్చి, "బిళ్ళలు కాక ఇంకేం ఇచ్చారు?" అన్నారు.

"పాలల్లో జాజికాయండీ" అని ఏడ్చింది భ్రమరాంబ. ఆయన చెడామడా తిట్టారు.

అప్పుడు మంగతాయారుకి ఏమనిపించిందో తెలుసా? చిన్నదానికి తిట్లు పడ్డాయని ప్రాణం చల్లబడినట్టయింది. అంత పాడు బుద్ధి పండూ, అసూయంటే.

కానీ డాక్టరుగారు పట్టుకున్న నాడి వదల్లేదు. "జాజికాయ ఒక్కదానికే ఇంతలా పడిపోరు. ఇంకేదో ఉంది. అదేమిటో తెలీకుండా నేను మందిస్తే మనిషే దక్కకపోవచ్చు" అన్నారు.

మంగతాయారు అత్తగారి మొహం చూసింది. చెబితే ఇక ఆ ఇంట్లో తలెత్తుకోలేదు. చెప్పకపోతే అత్తగారే ఉండదు. ఒక్క పరుగున వెళ్ళి పొట్లం తెచ్చింది.

"సర్పగంధి వేరండీ. నేనే చారులో కలిపాను."

"బీపీ బిళ్ళకి తోడు, బీపీని ఇంకా దించేసే ఈ వేరా తల్లీ!" అని ఆయన తల పట్టుకున్నారు. సెలైన్ పెట్టి పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నానికి ముసలావిడ కళ్ళు తెరిచింది. ముందు పెద్దకోడల్నే పిలిచింది.

"ఏమే పెద్దదానా, చారు విషంలా చేదుగా ఉందే. వద్దంటే చిన్నబుచ్చుకుంటావని కళ్ళు మూసుకుని తాగేశాను."

మంగతాయారు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ ఆకైనా, ఏ వేరైనా, డాక్టరుగారికి పేరు చెప్పాకే గిన్నెలో పడేది. భ్రమరాంబ జాజికాయైనా అంతే.

నువ్వూ తమ్ముడికి ముందు అన్నం పెట్టానని మూతి ముడుచుకున్నావుగా? ఇలా దగ్గరకి రా.

కథేమో కంచి చేరింది,
చేదు చారు ఏట పారింది,
కడుపులో మంట ఆరింది,
మా పండు రెప్ప వాలింది.