మూడో జవాబు

ఎండలు ముదిరేసరికి ఆ అడవిలో నీళ్లు మిగిలింది జమ్ముమడుగులో మాత్రమే. దాహం తీరేదీ అక్కడే, పులి పొంచేదీ అక్కడే. అందుకని జంతువులన్నీ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. కొండముచ్చులు చెట్లమీద నుంచి, తీతువులు గట్టుమీద నుంచి మడుగును చూసి ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కు వార్త పంపాలి. నీళ్లకు వెళ్లేవాళ్లు కంప్యూటర్ని "క్షేమమా?" అని అడగాలి. అది "క్షేమం" అనో "ప్రమాదం" అనో చెబుతుంది. ఏ వార్తా రాకపోతే "తెలియదు" అంటుంది.

ఈ అడగడానికీ చెప్పడానికీ కావలసిన కోడ్ రాసింది ఏదుపంది కంటకయ్య. దాన్ని లైబ్రరీగా చేసి అందరి ముందూ పెట్టాడు. ఏ మందైనా ఊరికే తీసుకుని తన ప్రోగ్రాములో కలుపుకోవచ్చు. దుప్పులు దాంతో గంట మోగించుకునేవి, కుందేళ్లు బొరియల్లో దీపం వెలిగించుకునేవి. మార్పులు ఎవరైనా సూచించవచ్చు. కాకపోతే వాటిని మడుగుకు ఎగువనున్న నల్లబండ దగ్గర అందరూ చదివి, సరే అన్నాకే కలపాలి.

కంటకయ్య పనిమంతుడు. అయితే తన కోడ్‌లో ఎవరైనా తప్పు చూపిస్తే చాలు, వీపుమీద ముళ్లు నిక్కబొడుచుకునేవి. దాంతో బండ దగ్గర చదివేవాళ్లు తగ్గిపోయి, "బాగుంది" అనేవాళ్లు మిగిలారు.

ఒక సాయంత్రం నక్క సాంబులు ఒక మార్పు పట్టుకొచ్చాడు.

"బావా, నీ కోడ్ చదువుతుంటే ఆకలి కూడా గుర్తుండదు," అన్నాడు. "ఒక్క చోటే చిన్న నలుసు. మూడు జవాబులెందుకు? ఎవరూ పులిని చూడలేదంటే పులి లేనట్టేగా? వార్త లేనప్పుడు కూడా 'క్షేమం' అనిపించు. వాడేవాళ్లకు రెండే దారులు, తికమక ఉండదు."

కంటకయ్యకు మాట నచ్చింది. 'తెలియదు' అంటే ఏం చెయ్యాలని ప్రతి మందా తన ప్రాణం తీస్తూనే ఉంది. పైగా కోడ్ పొట్టిగా, అందంగా కనబడుతోంది.

"ఏమంటారు?" అని అడిగాడు.

"బాగుంది," అంది పెద్ద కొండముచ్చు.

"చాలా బాగుంది," అంది కుందేలు.

"నువ్వు చదివావా?" అని పక్కనున్న దుప్పి పొన్నమ్మ అడిగింది.

"కొండముచ్చు మామ చదివాడుగా!"

"నేనా? నువ్వు చదివావనుకున్నానే!" అంది కొండముచ్చు.

పొన్నమ్మ దుప్పుల మందకు పెద్ద. ఆమె వెనక మంద అంతా గొంతు ఎండి నిలబడి ఉంది. ఇక్కడ సరే అనగానే కొత్త జవాబు విని నీళ్లకు దిగాలి.

"అన్నా, ఒక్క మాట," అంది. "ఇప్పుడు మడుగును చూస్తున్నదెవరు? కొండముచ్చులన్నీ ఇక్కడే ఉన్నాయి. తీతువులూ ఇక్కడే ఉన్నాయి. చెట్లమీద ఎవరున్నారు?"

కొండముచ్చులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"ఇప్పుడడిగితే పాత కోడ్ ఏమంటుంది?"

"తెలియదంటుంది."

"కొత్తది?"

"క్షేమం అంటుంది," అన్నాడు కంటకయ్య. అంటూనే ముళ్లు లేచాయి. "అసలు నీకు కోడ్ రాయడం వచ్చా?"

"రాదన్నా, దాన్ని నమ్మడం వచ్చు. అది క్షేమమంటే పిల్లల్ని ముందు నడిపిస్తాను. తెలియదంటే పిల్లల్ని ఆపి నేను ముందు వెళ్తాను. నువ్వు రెంటికీ ఒకే గంట మోగిస్తే, ఎప్పుడు నేను ముందుండాలో నాకెలా తెలుస్తుంది?"

కంటకయ్య తన కోడ్ వైపు మళ్లీ చూశాడు. ఇన్నాళ్లూ ఆ జవాబును తాను రాసే వైపు నుంచే చూశాడు. వినేవాళ్లకు అది ప్రాణమని తట్టనేలేదు. లేచిన ముళ్లు అణగడానికి కొంతసేపు పట్టింది.

అప్పుడు నక్క వైపు చూశాడు. సాంబులు వచ్చింది మడుగు దారినే. కానీ నీళ్లు తాగనట్టు నాలుక బయటికి వేలాడుతోంది.

"సాంబులూ, మార్పు తెచ్చినవాడే ముందు వాడి చూపించాలన్నది ఈ బండ దగ్గరి పాత పద్ధతి. నా కోపానికి జడిసి అందరూ దాన్ని మూల పడేశారు. ఇవాళ మళ్లీ పాటిద్దాం." కొత్త కోడ్ నడిపి చూశాడు. "ఇదిగో, 'క్షేమం' అంది. వెళ్లి తాగిరా."

"అబ్బే, నాకు దాహం లేదు బావా."

"నాలుక నేల ఊడుస్తోంది కదయ్యా!" అంది కొండముచ్చు.

"పెద్దవాళ్లు ముందు తాగాలి. నువ్వు పద నక్క మామా, వెనకే మేమొస్తాం," అంది కుందేలు.

"నీ కోడే, నీ జవాబే. భయమెందుకు?" అంటూ కొండముచ్చులు నక్కను చెరోవైపు పట్టుకుని వాలు దారిలోకి లాగాయి. నాలుగడుగులు పడగానే సాంబులు కాళ్లు తన్నిపట్టి అరిచాడు.

"ఆగండర్రా! జమ్ములో పులి పడుకుంది!"

కొండముచ్చులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నువ్వు చూశావా?" అని నెమ్మదిగా అడిగాడు కంటకయ్య.

సాంబులు తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

"చూసి వార్త ఎందుకు పంపలేదు?"

"ఎందుకేమిటన్నా," అంది పొన్నమ్మ. "పులి తినగా మిగిలింది ఏరుకోవాలంటే ముందు పులి తినాలి కదా. కాపలావాళ్లందరూ ఇక్కడికి చేరే వేళ చూసుకుని మరీ వచ్చాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం."

కంటకయ్య నక్క చెప్పిన వార్తను నక్క పేరుతోనే ఎక్కించాడు. "ప్రమాదం" అంది కంప్యూటర్. మార్పును తిప్పికొట్టి, బండ దగ్గర మార్పులు చదివేటప్పుడు సగం కాపలా చెట్లమీదే ఉండాలని నియమం పెట్టారు. కొండముచ్చులు అప్పటికప్పుడే పరుగెత్తాయి. మందను పొన్నమ్మ నీడలోకి మళ్లించింది. పులి లేచి వెళ్లిందన్న వార్త వచ్చేదాకా పిల్లలు ఎండిన గొంతులతోనే కూర్చున్నాయి. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. సాంబులు మాత్రం మడుగు వైపు వెళ్లలేక, బండ దగ్గర ఉండలేక, ఎండు వాగు దారి పట్టాడు.

కంటకయ్య కుందేలును పిలిచాడు. "ఇకమీదట బాగుందనకు. ఎక్కడ బాగాలేదో చెప్పు."

"చెబితే కసరవుగా?"

"కసురుతాను. అయినా చెప్పు."

నీతి: తెలియనప్పుడు తెలియదని చెప్పే నోటినే, తెలుసన్నప్పుడు నమ్మవచ్చు.