బానెట్‌లో ఎర్రగుడ్డ మూట

భ్రమరాంబ గారికి ఒక అలవాటుంది. ఎవరేమి అడిగినా అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "ఉండు నాయనా, ముందు కాఫీ తాగు" అంటారు. కాఫీ పూర్తయ్యేలోగా సగంమంది తామేం అడిగారో మరచిపోయి, కడుపు చల్లబడిందనుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేవారు. మరచిపోనివాళ్ళు ఆవిడకి శిష్యులయ్యారు. బొబ్బిలిలో ఆవిడ ఇంటి వసారాలో ఆదివారం పూట గీత వినడానికి కూర్చునేది వాళ్ళే.

త్రినాథరావు మరచిపోయే రకం కాదు. ఆ కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే భార్య హైమావతిని కారులో కూర్చోబెట్టుకుని అమ్మగారింటికి వచ్చాడు. విజయనగరంలో అతని అన్నగారమ్మాయి పెళ్ళి, మధ్యాహ్నం ముహూర్తం. అమ్మగారికీ పిలుపు అందింది కనుక ఆవిణ్ణి తన కారులోనే తీసుకువెళ్తానని మాట ఇచ్చాడు. వసారా ఎక్కాడో లేదో అడిగేశాడు.

"అమ్మగారూ, సొంత తమ్ముణ్ణి కదా! బొట్టుపెట్టి పిలవడానికి కూడా అన్నయ్య నా గడప తొక్కలేదు. ఫోనులో కార్డు పంపి ఊరుకున్నాడు. నాలో ఏం లోపముందో అని వెతుక్కోని చోటు లేదు. కోపమా? లేదు. అసూయా? లేదు. అన్నయ్యకి ఆపరేషనైతే ఆస్పత్రిలో నెలంతా పడుకున్నది నేను. బెడ్‌పాన్ ఎత్తింది నేను! ఇంకెక్కడ వెతకమంటారు?"

ఈ బెడ్‌పాను సంగతి వసారాలో అందరికీ తెలుసు. గృహప్రవేశాల్లో చెప్పేవాడు, వ్రతాల్లో చెప్పేవాడు, భోజనాల బంతిలో పప్పు వడ్డిస్తుండగా కూడా చెప్పేవాడు. పక్కవాళ్ళు ముద్ద దించి, గ్లాసెడు నీళ్ళు తాగి, "మహానుభావులండీ మీరు" అనేవారు.

"ఉండు నాయనా, ముందు కాఫీ తాగు" అన్నారు భ్రమరాంబ గారు.

కాఫీ అయింది. కారెక్కారు. తాళం తిప్పగానే కారు చలిజ్వరం వచ్చినవాడిలా వణికి, గేటు దాకా కుంటుకుంటూ వెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా ఇంజన్ బొమ్మ ఉన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మెకానిక్కు ఫోనెత్తలేదు. పెళ్ళిళ్ళ రోజు కావడంతో ఊళ్ళో అద్దెకారు ఒక్కటీ ఖాళీగా లేదు. త్రినాథరావు ముఖం వాడిపోయింది. ఈ పూట అందకపోతే, తమ్ముడు కావాలనే రాలేదని అన్నయ్య అనుకుంటాడు. ఇక ఆ ఇంటి ముఖం జన్మలో చూడనక్కర్లేదు.

"బస్సుకి వెళ్దామండీ" అంది హైమావతి.

"బస్సా! చేతిలో ఏఐ ఉండగా బస్సెందుకు?"

చిత్రమైన కాలం. గ్రంథాలన్నీ చదివించిన యంత్రం ఒకటి ఫోనులో కూర్చుని, మన తెలుగులోనే, పేరు పక్కన 'గారూ' చేర్చి మరీ మాట్లాడుతుంది. త్రినాథరావు బానెట్ ఎత్తి, చొక్కా చేతులు మడిచి, జబ్బు చెప్పుకున్నాడు. అది వైద్యుడిలా ఒక్కొక్కటే అడగసాగింది. వణుకు ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? పెట్రోలు ఎప్పుడు పోయించారు? దీపం నిలకడగా వెలుగుతోందా, మినుకుమంటోందా? అతనూ ఏదీ దాచకుండా చెప్పాడు. సందు చూసుకుని ఆస్పత్రి సంగతి కూడా చెప్పాడు. అది "మీ సేవాభావం గొప్పదండీ" అని, "ఇంజన్ విషయానికి వద్దాం" అంది.

"దానికున్న ఓర్పు నాకు లేదమ్మా" అంది హైమావతి, వెనకసీటు అద్దంలోంచి.

"త్రినాథరావు గారూ, బానెట్ లోపల ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా?"

"ఏమీ పెట్టలేదు."

"ఎలుకల జాడ ఏమైనా కనిపించిందా?"

"మా కారులో ఎలుకలా! పసుపు కుంకుమలతో చూసుకుంటున్నాం దీన్ని."

"అయితే లోపలంతా కనబడేలా ఒక ఫోటో పంపండి."

భ్రమరాంబ గారు వసారా మెట్టు మీద కూర్చుని చూస్తున్నారు. త్రినాథరావు ఫోటో తీయబోయి ఆగాడు. బ్యాటరీ పక్కన ఎర్రగుడ్డ మూట ఒకటి కట్టి ఉంది. దాన్ని భక్తిగా, కళ్ళు మూసుకుని ఊడదీసి, కళ్ళకద్దుకుని, ఎడమచేత్తో దూరంగా పట్టుకున్నాడు. కుడిచేత్తో ఫోటో తీసి, మూటని మళ్ళీ ఎక్కడిదక్కడ కట్టేశాడు. ఫోటోలో మూట లేదు. మూట ఉన్న మూల అతని మోచేయి అడ్డొచ్చింది.

ఏఐ ప్లగ్గులు చూడమంది, చూశాడు. గాలి గొట్టం చూడమంది, చూశాడు. ఏ గొట్టం ఏదో తెలియక ఒకటి పీకితే ముఖం మీద నీళ్ళు చిమ్మాయి. అవి అద్దం తుడిచే నీళ్ళని ఏఐ చెప్పింది. మల్లెపువ్వులాంటి చొక్కా మసిగుడ్డ అయింది. చివరికి అది చాలా మర్యాదగా అంది, "మీరు చెప్పినవన్నీ బాగున్నాయి, త్రినాథరావు గారూ. అన్నీ బాగుంటే కారు నడవాలి. చెప్పనిది ఏదైనా మిగిలిందేమో ఆలోచిస్తారా?"

"ఒక్క ముక్క దాచలేదు!" అని అరిచాడు.

భ్రమరాంబ గారు మెట్టు దిగి వచ్చారు. "ఆ ఎర్రమూట ఏమిటి నాయనా?"

"అదా అమ్మగారూ, దసరా పూజకి కట్టాను. కొబ్బరిచిప్ప, బెల్లం, అటుకులు. అందరూ బండి ముందు కడతారు, నేను ఇంజన్‌కే రక్ష కట్టాను."

"మరి ఏమీ పెట్టలేదన్నావు?"

"అది దేవుడికి పెట్టింది కదండీ! ఇంజన్‌కి కాదు."

"విప్పు."

"విప్పకూడదండీ…"

అమ్మగారు చెయ్యి చాపారు. అతను కళ్ళు మూసుకుని, చెంపలు వేసుకుని విప్పాడు. మూటకి అడుగు లేదు. కొబ్బరి లేదు, బెల్లం లేదు, అటుకుల పొట్టు మాత్రం ఉంది. మూట వెనక మూలలోంచి కుందేలు పిల్లంత ఎలుక దూకి, తెరిచి ఉన్న కారు తలుపు మీదుగా హైమావతి పట్టుచీర కుచ్చిళ్ళు దాటి, గేటు కింద నుంచి పెళ్ళివారికన్నా తొందరగా వెళ్ళిపోయింది. హైమావతి కేకకి వీధి వీధంతా బయటికి వచ్చింది. మూట తీసిన చోట, కొరికి పడేసిన వైరు రెండు ముక్కలై వేలాడుతోంది. మగ్గిన బెల్లం వాసన, ఎలుక వాసన కలిసి గుప్పుమంది.

ఈసారి ఫోటో మొత్తం పంపాడు. "కొత్తగా ఏమైనా పెట్టారా అని అడిగాను కదండీ" అని, అది తెగిన వైరేదో గుర్తుపట్టింది. బ్యాటరీ తీగ ఊడదీయించి, వైరు కొసలు కలిపించి, టేపు చుట్టించింది. ఇది ఊరు చేరేవరకేననీ, తరువాత మెకానిక్కు చేత మార్పించుకోమనీ చెప్పింది. కారు మెత్తగా గురక పెట్టింది.

దారిలో అతను మళ్ళీ మొదలుపెట్టాడు. "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు అమ్మగారూ."

"ముందు రోడ్డు చూడు నాయనా."

తలంబ్రాల వేళకి అందుకున్నారు. అన్నగారు వైకుంఠరావు ఎదురొచ్చి, పరాయివాళ్ళని పిలిచినట్టు "రండి" అన్నాడు, అంతే. తరువాత భోజనాల బంతిలో పక్కన మగపెళ్ళివారి పెద్దాయన అడిగాడు, "పెళ్ళికూతురికి బాబాయిగారు మీరేనా?"

"నేనేనండీ" అన్నాడు త్రినాథరావు హుషారుగా. "మా అన్నయ్యకి ఆపరేషనైనప్పుడు…"

బూరెల గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వస్తున్న వైకుంఠరావు ఆ మాటకి ఉన్నచోటే నిలబడిపోయాడు. కొత్త చుట్టాల ముందు తల వంచుకుని, దెబ్బ కోసం కాచుకున్నవాడిలా నిలబడ్డాడు. అన్న ఎన్ని బంతుల్లో అలా నిలబడ్డాడో! త్రినాథరావు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడినుంచో పొద్దుటి మూట వాసన ముక్కుకి తగిలినట్టయింది.

"ఆపరేషనైనప్పుడు?" అన్నాడు పెద్దాయన.

"ఆ… ఎంత ధైర్యంగా ఉన్నాడంటారు! ఆస్పత్రిలో భయపడింది నేనండీ. నాకు ధైర్యం చెప్పింది అన్నయ్యే."

వైకుంఠరావు ముందుకు వచ్చాడు. తమ్ముడి విస్తట్లో బూరెలు వేస్తూనే ఉన్నాడు. "చాలన్నయ్యా" అన్నా వేశాడు. "తిను, చిక్కిపోయావురా" అన్నాడు.

చేతులు కడుక్కునే చోట త్రినాథరావు అమ్మగారిని పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "అంతా వెతికానన్నాను. అది నాకెందుకు కనబడలేదమ్మా?"

భ్రమరాంబ గారు చెంగుకి చేతులు తుడుచుకున్నారు.

"బానెట్‌లో ఎర్రగుడ్డ కట్టి ఉంది కాబట్టి నాకైనా కనబడింది. మనిషికి ఆ గుడ్డ కూడా ఉండదు నాయనా."