నిమ్మకాయ దాటి, కొండ దాటిన సైకిలు

ఇది అబద్ధమని అనిపిస్తే ఇప్పుడే దుప్పట్లోంచి చెయ్యెత్తవే బంగారం, చూస్తాను. ఎత్తవూ? అయితే విను.

అనగనగా మన ఊళ్ళోనే ఒక సైకిలుండేది. ఎవరిదనుకున్నావు? నాదే! దాని మీద నేను వెళ్తుంటే గాలి నా వెనక పడి ఆయాసపడేది. ఒకసారి రైలుతో పందెం వేసుకుని, ముందే స్టేషను చేరి, అదొచ్చేలోగా బల్ల మీద ఓ కునుకు కూడా తీశాను.

ఆ తర్వాత నా మోకాళ్ళు మొండికేశాయి. సైకిలు వసారాలో గోడకి చేరింది. దసరాకి మాత్రం దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి ముందుకి తోసేదాన్ని. కాయ చితికేది. సైకిలు మళ్ళీ గోడకే. ఏడాదంతటికీ దాని ప్రయాణం అంతే. నేను దాని హ్యాండిలు పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ నిలబడేదాన్ని.

అప్పుడు ఒక దసరాకి దాలమ్మ వచ్చింది. మన వీధి కోడలు, జీడిపప్పు బట్టీలో పని. కొండ అవతల ఊళ్ళో వాళ్ళమ్మ మంచం పట్టింది. కూతురు కలిపి పెడితే తప్ప ముద్ద మింగదు. ఇది పని దిగేసరికి బస్సు వెళ్ళిపోయేది. కొండకేసి చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి నడిచేది.

దాలమ్మ నిమ్మకాయని చూసింది. సైకిలుని చూసింది.

"మామ్మగోరూ, ఇది నిమ్మకాయలు దాటడానికేనేటండీ? కొండ దాటదా?"

"నోర్ముయ్యవే! నా సైకిలు సముద్రమే దాటుతుంది!"

"అయితే మాయమ్మ కాడికి ఎల్లదేటండీ?"

కొంగుతో సీటు తుడిచాను, తుడుస్తూనే ఉన్నాను. అప్పుడు, "తీసుకుపో, ఇంక నీదే" అన్నాను.

తీరా చూస్తే దానికి తొక్కడం రాదు! నేర్పింది నేనే. మొదటి రోజు పేడదిబ్బలో పడింది. రెండో రోజు గేదె మీద పడింది. ఆ బెదురుకి గేదె ఆ పూట పాలకి బదులు మజ్జిగిచ్చింది. మూడో రోజు పడలేదు. వెనక్కైనా చూడకుండా కొండ దారి పట్టింది. చూస్తుండగానే చీమంతయింది. ఆ తర్వాత అదీ లేదు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ కూతురి చేతి పప్పన్నం తిని, "ఇంకో ముద్ద పెట్టవే" అందిట. ఇప్పటికీ రోజూ తింటోంది.

మరి నేనో? పొద్దు వాలితే చాలు, నా మనసు దాలమ్మ వెనక క్యారేజీ ఎక్కి కూర్చుంటుంది. నిద్రలో నా కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి. నిన్న సముద్రం దాకా వెళ్ళొచ్చాను! ఆ తన్నులన్నీ తినేది మీ తాతయ్యే. ఆయన పేరు నేనెప్పుడూ ఊరికే అనలేదు. పేరంటాల్లో అడిగితే పాటలో కలిపి చెప్పేదాన్ని. ఇప్పుడూ అంతే:

కంచి బాట పట్టింది కథ,
కునుకు బాట పట్టాలి మనం;
సాక్ష్యం కావాలా, చెబుతా పేరు:
సన్యాసిరావుగారు, మా వారు!