వెళ్తున్నా అన్నవాడు

అనగా అనగా, ఎన్నడో అనగా, పొగ కొండకు ఇంకా నడుం వంగని రోజుల్లో, జపాను దేశపు దక్షిణపు కొసన, సత్సుమ సీమలో, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఒక ఊరుండేది. ఎంత ఊరు? ముప్పై గడ్డి ఇళ్లు, ఏడు పడవలు, బోలెడంత అనుమానం.

అనుమానం పెనుభూతం అంటారు మనవాళ్లు. ఆ భూతానికి ఆ ఊళ్లో ఇంటింటా పీట వేసి భోజనం పెట్టేవాళ్లు. కొత్త కుక్క వచ్చినా సరే, అది ఎవరి కుక్కో తేలేదాకా మెతుకు విదిల్చేవాళ్లు కాదు.

అలాగని వాళ్లనీ అనడానికి లేదు లెండి. కోట నుంచి ఆజ్ఞ అలాంటిది. "రాజధాని వైపు నుంచి వేగులవాళ్లు వస్తారు. మందులు అమ్మేవాడిలా వస్తారు, సన్యాసిలా వస్తారు, దారి తప్పినవాడిలా వస్తారు. పట్టి ఇస్తే సరే. దాచిపెట్టారో, ఊరికి ఊరు ఉండదు." ఇంత మాట చెవిన పడ్డాక ఎవడికి మాత్రం నిద్ర పడుతుంది?

మరి వేగులవాణ్ణి గుర్తుపట్టేదెలా? చెవితో. గుడ్డలు మార్చుకోవచ్చు, జుట్టు ముడి మార్చుకోవచ్చు, నాలుకను ఎక్కడ మారుస్తాడు? ఆ సీమ మాట వేరు. అందులోనూ ఒక్క మాట దగ్గర బయటివాడు ఇట్టే దొరికిపోయేవాడు. "ఇటు రా" అని పిలిస్తే ఆ సీమవాళ్లు "వస్తున్నా" అంటారు. మనమూ అంతే కదా. రాజధాని వైపు వాళ్లు "వెళ్తున్నా" అంటారు. వాళ్ల దేశంలో అది తప్పు కాదు. పిలిచినవాళ్ల దగ్గరికేగా వెళ్లేది! కానీ మీ అమ్మ అన్నానికి పిలిస్తే "వెళ్తున్నా" అని చూడండి, వీపు మోగుతుంది. ఆ ఊళ్లో అయితే మెడే పోయేది.

ఇదిలా ఉండగా, ఒక పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు, సముద్రపు నాచులో చిక్కుకుని ఒక మనిషి ఒడ్డున పడి ఉన్నాడు. చూసింది ఎవరు? కేస. ఒంటరి ముసలావిడ. మొగుణ్ణి సముద్రం తీసుకుంది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక చిలగడదుంపల చేను. మన నోటికి ఆమెను కేసవ్వ అనుకుందాం.

కేసవ్వ వేణ్ణీళ్లు పట్టింది. దుంప ఉడకేసి పెట్టింది. పొయ్యి దగ్గర కూర్చుని "దగ్గరికి రా నాయనా, చలి కాచుకుందువు గాని" అంది. అతను "వెళ్తున్నా అవ్వా" అన్నాడు.

కేసవ్వ గభాలున అతని నోటికి చెయ్యి అడ్డుపెట్టింది.

"నోరు మూసుకో నాయనా. ఈ ఊళ్లో ఆకలికి చావరు, మాటకి చస్తారు."

అతను తలూపాడు. తన పేరు మాత్రం చెప్పాడు. ఆమె చెవిలో చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు. తరవాత నోటికి గడియ పెట్టేశాడు.

మర్నాడు ఊరిపెద్ద ఇహాచి వచ్చాడు. పీలగా, పొడుగ్గా ఉంటాడు. ఏది చూసినా ఒక కన్ను మూసి చూస్తాడు.

"ఎవడు కేసవ్వా వీడు?"

"దక్షిణపు దీవుల వాడు బాబూ. పడవ మునిగింది. పాపం, మూగవాడు."

"మూగవాడని నీకెలా తెలుసు?"

"వాడే చె..." అంది కేసవ్వ. "చేత్తో చూపించాడు."

ఇహాచి చూశాడు. తలూపాడు. ఏమీ అనలేదు. ఏమీ అననివాడితోనే కదా భయం.

ఆ ఊరికి పొగ కొండ పెట్టే బాధ ఒకటుంది. కొండ దగ్గినప్పుడల్లా బూడిద రాలుతుంది. దుంపల ఆకుల మీద బూడిద, ఆరేసిన గుడ్డల మీద బూడిద, అన్నం మెతుకుల మీద బూడిద. గడ్డి కప్పుల మీద పేరుకుంటే ఇల్లే కూలుతుంది. ఊడ్చాలి. ఊడ్చిన సాయంత్రానికి మళ్లీ ఊడ్చాలి. ఒళ్లు వంచేవాడు ఎవడు?

మూగవాడు చీపురు పట్టి కేసవ్వ కప్పు ఎక్కాడు. ఊడ్చాడు. ఆనక పక్కింటి కప్పు ఊడ్చాడు, ఆనక వాలు మీది ఇళ్ల కప్పులూ ఊడ్చాడు. ఎవరేం పెడితే అది తిన్నాడు. ఊరంతా అతణ్ణి "బూడిదోడు" అనేది. చాకిరీకి పనికొచ్చాడు, నమ్మకానికి పనికిరాలేదు. కప్పు మీద వాడు, కింద వాణ్ణి కనిపెడుతూ ఇంటావిడ.

మొదటి ఏడు. దుంప తొక్క తీసి తింటున్నాడని ఆడవాళ్లు పసిగట్టారు. ఆ ఊళ్లో తొక్కతోనే మింగుతారు. తొక్క పారేసేంత కలిగినవాడు ఎక్కడివాడు? కేసవ్వ "పంటినొప్పి" అంది. ఇహాచి చూశాడు. తలూపాడు. ఏమీ అనలేదు.

రెండో ఏడు. బూడిద రాలేటప్పుడు ఊళ్లోవాళ్లంతా తల దించుకుని నడుస్తుంటే వీడొక్కడు తలెత్తి కొండ వైపు చూస్తున్నాడని మగవాళ్లు పసిగట్టారు. కొండను కొలుస్తున్నాడా? పటం గీసి పంపుతాడా? కేసవ్వ "కొత్త కదా, భయం" అంది. ఇహాచి చూశాడు. తలూపాడు. ఏమీ అనలేదు.

మూడో ఏడు ఇహాచి ఒక ఉపాయం పన్నాడు. మూగవాడు అంటే చేతులు తిప్పుతాడు, గొంతులో ఏదో గోల చేస్తాడు. వీడికి ఆ గోల కూడా లేదు. దాచుకున్నవాడే ఇంత పదిలంగా ఉంటాడని అతని లెక్క.

ఇహాచి పెళ్లానికి ఎవరి గొంతైనా దించేసే విద్య ఉంది. ఒక పొద్దున కేసవ్వ నాచు ఏరడానికి ఒడ్డుకు వెళ్లింది. బూడిదోడు కప్పు మీద ఉన్నాడు. పదిమంది మగవాళ్లు తాడు పట్టుకుని గోడ చాటున నక్కారు. ఇహాచి పెళ్లాం నూతి వెనక నిలబడి, అచ్చం కేసవ్వ గొంతుతో కేక వేసింది.

"నాయనా! పడిపోయానురా! రా!"

మూడేళ్లు మూసిన నోరు. ఊరంతా కలిసి విప్పించలేని నోరు. ఒక్క కేకకు విచ్చుకుంది.

"వెళ్తున్నా!"

చీపురు విసిరేసి, కప్పు మీంచి దూకి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి తాట్లో పడ్డాడు. చెప్పడానికే నాకు సిగ్గుగా ఉంది. జాలి పడినందుకు దొరికిపోయాడు. వాళ్లు పట్టుకున్నది మాత్రం మాటను.

దుంపలు దాచే కొట్లో కట్టేశారు. కోటకు కబురు పంపారు. కోట మనుషులు రావడానికి మూడు రోజులు పడుతుంది.

ఇహాచి అడిగాడు. "నువ్వెవరు?"

"బూడిద ఊడ్చేవాణ్ణి."

"ఎక్కణ్ణుంచి వచ్చావు?"

"సముద్రంలోంచి."

"వేగులవాడివా?"

"కాదంటే నమ్ముతారా?"

"నమ్మం."

"మరి అడగడం ఎందుకయ్యా?"

కేసవ్వ ఇంటింటికీ తిరిగి కాళ్లు పట్టుకుంది. "కాదని వాడే అనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని తలుపులు వేసుకున్నారు. రెండు పొద్దులూ కొట్టు గుమ్మం దగ్గరే కూర్చుంది. తాడు కొసకు అవతల అతను, గుమ్మానికి ఇవతల ఆమె.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం కొండ దగ్గలేదు, అరిచింది.

నేల ఊగింది. నూతి నీళ్లు పొగలు కక్కాయి. ఆకాశం నల్లబడి, బూడిద వానలా కాదు, గోడలా పడింది. చాచిన చెయ్యి కనిపించలేదు. ఊరు ఊరంతా ఒడ్డుకు పరుగెత్తి పడవల్లో పడింది. కేసవ్వ ఒక్కతీ కొట్టు వైపు పరుగెత్తి కొడవలితో తాడు కోసింది.

"విప్పేశావా? పారిపోతాడు!" అని అరిచాడు ఇహాచి.

"ఎక్కడికి పారిపోతాడురా? నీళ్లలోకా, నిప్పుల్లోకా?" అంది కేసవ్వ. ఇద్దరూ ఒడ్డుకు వచ్చారు. ఆమెను పడవెక్కించాడు అతను.

అప్పుడు కొండవాలు నుంచి కేకలు వినబడ్డాయి. అక్కడ మూడిళ్లు ఉన్నాయి. ఒక ఇంట్లో కాలు పడిపోయిన ముసలాయన, ఒక ఇంట్లో చూపు పోయిన ముసలావిడ, ఒక ఇంట్లో ఇహాచి తల్లి. కొడుకు దగ్గర ఇమడక అక్కడుంటోంది. ముగ్గురూ దిగి రాలేరు.

"ఎవరైనా ఉన్నారా? రండర్రా!"

"వస్తున్నాం!" అన్నాయి పడవలు. "వస్తున్నాం! వస్తున్నాం!"

ఒక్క కాలు కదల్లేదు. ఇహాచి కూడా "వస్తున్నానమ్మా" అన్నాడు. ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్లలో. నీళ్లలోని కాలు పడవలోకి వచ్చింది. తప్పు పట్టకండి. నేనున్నా అంతే. కాకపోతే ఇంకాస్త గట్టిగా అరిచేవాణ్ణి.

ఆ అరుపుల మధ్య ఒక వేరే మాట వినబడింది.

"వెళ్తున్నా!"

"చూశారా, పారిపోతున్నాడు!" అన్నాడొకడు.

ఊళ్లో ప్రతి కప్పూ ఊడ్చినవాడు. కళ్లు మూసుకున్నా అతనికి దారి తెలుసు. కాసేపటికి కాలు పడిపోయిన ముసలాయనను వీపున మోసుకొచ్చి పడవలో దించాడు. "నమ్మించడానికి చూస్తున్నాడు" అన్నాడు ఆ ఇందాకటివాడే.

పై నుంచి మళ్లీ కేక. "వెళ్తున్నా!" చూపు పోయిన ముసలావిడ వచ్చింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

పై నుంచి మళ్లీ కేక. సన్నగా, అలిసిపోయిన కేక. "వెళ్తున్నా!" ఈసారి ఆలస్యమైంది. రాళ్లు దొర్లుతున్నాయి. పడవలు ఇక ఆగలేమన్నాయి. ఇహాచి మాత్రం పడవ తాడు వదల్లేదు.

ఒడ్డుకు దిగే రాతిమెట్ల దగ్గర అతను ఇహాచి తల్లిని వీపు మీంచి దించాడు. రొప్పుతున్నాడు. "అవ్వా, గోడ పట్టుకుని దిగు. వెనకే ఉన్నాను" అన్నాడు. ఆమె తడుముకుంటూ దిగి కొడుకు చేతుల్లో పడింది.

తల్లిని పట్టుకుని ఏడ్చాడు ఇహాచి. ఏడుస్తూనే కేసవ్వ వైపు తిరిగాడు. "వాడూ రావాలి. పిలుస్తాను. వాడి పేరేమిటి అవ్వా?" ఏ కన్నూ మూయకుండా అడిగాడు. మూడేళ్లలో పేరు అడగడం అదే మొదలు.

కేసవ్వ చెప్పింది. ఇహాచి గుండెల నిండా గాలి పీల్చి, ఆ పేరు పెట్టి పిలిచాడు. "రా! రా!" అని పిలిచాడు.

మెట్లకు పైన నిలువు బండ ఒకటుంది. పిలుపు వెళ్లి బండకు తగిలి, తిరిగి పడింది. బూడిదలో ఎదర ఏదో, వెనక ఏదో తెలియదు. మెట్ల మీద ఉన్నవాడికి ఆ పేరు కింద నుంచి కాదు, కొండ మీంచి వినబడింది. ఆ పేరు తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఒక్కతే. అంటే కేసవ్వ తనను వెతుక్కుంటూ పడవ దిగి పైకెళ్లి చిక్కుకుందనుకున్నాడు. కింద ఉన్నవాళ్లు అది వెంటనే అర్థం చేసుకోలేకపోయారు. అతని గొంతు విన్నాకే అర్థమైంది.

"వెళ్తున్నా!" దగ్గరగా వినబడింది.

"వెళ్తున్నా!" దూరంగా వినబడింది.

"వెళ్తున్నా!" ఎంతో పైన వినబడింది.

"నేనిక్కడున్నానురా!" అని కేసవ్వ పడవలో నిలబడి గొంతు చించుకుంది. కొండ గొంతు ముందు ముసలి గొంతు ఏపాటి? అందరూ కలిసి ఆ పేరే అరిచారు. అరిచిన కొద్దీ బండ తిప్పి కొట్టింది. ఇక పిలవొద్దని ఇహాచి అందరి నోళ్లూ మూయించాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

కొండ చల్లారాక ఊరు తిరిగొచ్చింది. వెతికారు. ఏమీ దొరకలేదు. బూడిద కింద ఉన్నాడని కొందరన్నారు. కొండ దాటి తన దేశం వెళ్లిపోయి ఉంటాడు, ఎంతైనా వేగులవాడు అని కొందరన్నారు. ఆ ఊరు ఆ ఊరే కదా!

ఆ తరవాతే కోట మనుషులు వచ్చారు.

"వేగులవాణ్ణి పట్టామని కబురు పంపారు. ఏడీ?"

"తెలియదు."

"ఎక్కడివాడు?"

"తెలియదు."

"పేరు?"

ఊరంతా ఇహాచి వైపు చూసింది. ఇహాచి కోట మనుషుల వైపు చూశాడు. ఒక కన్ను మూసి చూశాడు.

"తెలియదు" అన్నాడు.

అబద్ధానికి వీపు మీద పదిహేను దెబ్బలు పడ్డాయి. పడనీ. ఆ పేరు మళ్లీ అతని నోట రాలేదు.

ఇప్పటికీ అక్కడ మెట్ల పక్కన ఒక రాయి ఉంటుందట. కొత్త బూడిద రాలిన మర్నాడు ఊరివాళ్లు వచ్చి ఆ రాయిని ఊడుస్తారు. తొక్క తీసిన దుంప ఒకటి పెడతారు. రాయి మీద పేరు ఉండదు. పేరు చెక్కితే ఎవరో ఒకరు పైకి చదువుతారు, చదివితే పిలిచినట్టవుతుంది, పిలిస్తే అతను ఇంకా పైకి వెళ్తాడు. ఆనాడు విన్నవాళ్లెవరూ ఆ పేరు మళ్లీ ఎత్తలేదు. కేసవ్వ మాత్రం పోయేముందు దాన్ని ఒక్కరి చెవిలో వేసింది. వాళ్లు ఇంకొకరి చెవిలో. అంతే. ఇంతసేపు చెప్పిన నాకూ చెప్పలేదు. వేగులవాడేనా అని అడిగి చూడండి, మిమ్మల్ని ఒక కన్ను మూసి చూస్తారు.

ఇంకొకటి. ఆ ఊళ్లో బూడిద రాలేటప్పుడు ఎవరూ ఎవరినీ కేకేయరు. బిడ్డ కనిపించకపోయినా, తల్లి వెనకబడినా, పడవ బయల్దేరిపోతున్నా సరే. పిలవరు. మనిషి ఉన్న చోటికే నడిచి వెళ్లి చెయ్యి పట్టుకుంటారు.