ఓబులమ్మ కుట్టిన వంకర బొంత

అనగనగా, తల్లీ, నల్లరేగడి చేల నడుమ ఒక ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పనితనం గురించి ఊరంతా చెప్పుకునేవాళ్ళు. వాకిలి ఊడిస్తే చీపురు గీతలు కూడా ఒకే వైపుకి ఉండేవి. జొన్నరొట్టె తడితే చందమామలా గుండ్రంగా వచ్చేది. ఎప్పుడైనా కాస్త వంకరపోతే ఆ రొట్టె తనే తినేసేది, ఎవరికీ పెట్టేది కాదు.

చూసేవాళ్ళకి ముచ్చటే. ఆవిడ గుండెల్లో మాత్రం ఎప్పుడూ ఒక గుబులు. చిన్నప్పుడు వాళ్ళ మేనత్త, ఓబులమ్మ కుట్టిన రవికె కుట్లు పదిమంది ముందు ఊడదీసి, "ఇది చెయ్యేనా, కట్టెపుల్లా?" అంది. ఆ మేనత్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట మాత్రం పోలేదు. ఏ పని పట్టుకున్నా చెవిలో అదే వినబడేది.

ఓబులమ్మకి ఒక్కతే కూతురు, నాగరత్న. ఆ పిల్ల కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకి అమ్మమ్మ చేత్తో బొంత కుట్టాలి కదా. అప్పుడు ఓబులమ్మ మెత్తగా నలిగిన తన పాత చీరలన్నీ ఉతికి, ఒకదాని మీద ఒకటి పరిచింది. పైన రంగురంగుల గుడ్డముక్కలు పెట్టింది. సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంది.

మొదటిసారి సగం కుట్టి చూసుకుంది. ఒక వరస కొంచెం పక్కకి పోయింది. కుట్లన్నీ ఊడదీసింది.

రెండోసారి సుద్దముక్కతో గీతలు గీసుకుని, గీత తప్పకుండా కుట్టింది. వరసలు బాగానే వచ్చాయి గానీ, ఎర్ర ముక్క పక్కన పచ్చ ముక్క నచ్చలేదు. మళ్ళీ ఊడదీసింది.

మూడోసారి బొంత పూర్తి కావచ్చింది. చివరి మూలలో చిన్న ముడత. కంటికి ఆనదు, వేలికి తగులుతుంది, అంతే. ఆ తర్వాత ఏం చేసిందో నువ్వే చెప్పగలవు. ఊడదీసింది.

ఈలోపు నాగరత్నకి ఆడపిల్ల పుట్టింది. బయట చలికాలం, ఇంట్లో బొంత లేదు. పసిగుడ్డుని పాత పంచెలో చుట్టి పడుకోబెట్టారు.

ఒకరోజు పొద్దున్నే నాగరత్న బిడ్డకి గుడ్డ చుడుతోంది. ఓబులమ్మ చూసి, "అట్లా కాదు, ఇటివ్వు" అని బిడ్డని తీసుకుంది. చుట్టిన గుడ్డ విప్పేసి మళ్ళీ చుట్టింది. నాగరత్న గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పుడు మెల్లగా అంది:

"చిన్నప్పుడు నా జడ కూడా ఇట్లాగే విప్పి విప్పి వేసేదానివమ్మా. రోజూ ఏడుస్తూ బడికి పోయేదాన్ని. ఇప్పుడు నీ ముందర నా బిడ్డని ఎత్తుకోవాలన్నా భయంగా ఉంది. పురుటి స్నానం కాగానే అత్తగారింటికి పోతాను."

ఓబులమ్మ బిడ్డని మెల్లగా నాగరత్న ఒళ్ళో పెట్టింది. తన చేతుల వైపు చూసుకుంది. ఇవి మేనత్త చేతులు ఎప్పుడయ్యాయో ఆవిడకే తెలియలేదు.

అప్పుడు ఆ చీరల మూట చంకన పెట్టుకుని పక్కింటి హుసేనమ్మ దగ్గరికి వెళ్ళింది. హుసేనమ్మ వయసులో ఉన్నప్పుడు పరుపులు కుట్టిన మనిషి. ఇప్పుడు పెద్దదైపోయింది, కళ్ళు కనబడవు.

"పెద్దమ్మా, నావల్ల కావట్లేదు. నువ్వు కుట్టిపెట్టు" అంది ఓబులమ్మ.

"నేనొక్కదాన్నే ఎందుకు కుడతానే? మనవరాలు నీది. నువ్వు ఆ కొస పట్టు, నేను ఈ కొస పడతా."

ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు. హుసేనమ్మ వేళ్ళతో తడుముకుంటూ కుట్టేది. ఆమె వరస కాసేపు తిన్నగా వచ్చేది, ఆ తర్వాత వాగులా ఒంపు తిరిగేది. అది చూస్తుంటే ఓబులమ్మ చేతులు ఊరుకునేవి కావు. కానీ అంత పెద్దామె వేసిన కుట్టుని ఎట్లా ఊడదీస్తుంది?

"పెద్దమ్మా, నీ వరస పక్కకి పోతోంది" అంది చివరికి, ఉండబట్టలేక.

"పోతే పోనీ. ఎటు పోతోందో కాస్త చూసి చెప్పు, నాకు కనబడదు కదా."

ఓబులమ్మ చూసింది. తప్పెక్కడుందా అని కాదు, ఎటు పోతోందా అని చూసింది. ఆ వరస ఒక పచ్చ ముక్క చుట్టూ తిరిగి, తన వరస దగ్గరికి వచ్చి ఆగింది. దాన్ని కలుపుకోవాలంటే తనూ ఒంపు తిరగాలి. భయంభయంగా సూది పక్కకి తిప్పింది. చెవిలో మేనత్త మాట వినబడింది. అయినా ఒక కుట్టు వేసింది. ఇంకోటి వేసింది. ఏమీ కాలేదు.

ఆ తర్వాత చెయ్యి దానంతటదే సాగింది. తన పెళ్ళినాటి చీర కొంగులోంచి, కొలవకుండా గీయకుండా, చేప ఒకటి కత్తిరించి అతికించింది. తోక ఒకవైపు పెద్దదైంది, ఇంకోవైపు చిన్నదైంది. హుసేనమ్మ తడిమి చూసి, "ఇదేందే, చెప్పా?" అంది.

"చెప్పు కాదు పెద్దమ్మా, చేప."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తన పని చూసుకుని తను నవ్వడం ఓబులమ్మకి అదే మొదలు.

మేనత్త మాట మళ్ళీ వినబడలేదా అంటే, వినబడింది తల్లీ. అంత తొందరగా పోతుందా? వినబడినప్పుడల్లా "సరేలే అత్తా" అనుకుని, తర్వాతి కుట్టు వేసుకునేది.

బొంత పూర్తయ్యాక ఇంటికి తెచ్చి మంచం మీద పరిచింది. నాగరత్న అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ చేప ఎవరు పెట్టారు?"

"నేనే."

"తోక వంకరగా ఉందమ్మా."

"ఉండనీ" అంది ఓబులమ్మ.

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు. నాగరత్న తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, బిడ్డని బొంత మీద పడుకోబెట్టి చుట్టింది. ఒక పాదం బయటే ఉండిపోయింది. ఓబులమ్మ చెయ్యి ముందుకి లేచింది. అప్పుడు ఆ బుజ్జి పాదం గాల్లో ఆడుతూ కనబడింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"కాలు బయటికొచ్చినట్టుందే" అంది నాగరత్న, ఓరగా చూస్తూ.

"ఆడుకోనీలే."

నాగరత్న పకపకా నవ్వింది. బిడ్డని తనే ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత పురుటి స్నానమయింది, పేరు పెట్టడమయింది. నాగరత్న మాత్రం అత్తగారింటికి ప్రయాణం కట్టలేదు. బిడ్డ బోర్లాపడేదాకా పుట్టింట్లోనే ఉంది.

కథ సాగిపోయె కంచికి,
కునుకు జారె కంటికి,
మాటలింక చాలు తల్లీ,
మనమూ మన ఇంటికి.